రోజూ కడిగే కారు

ఆల్వీనా రోజ్‌బూమ్ ఎవరి మాటా ఒక్కసారికి నమ్మేది కాదు. అది పుట్టుకతో వచ్చిన స్వభావమో, చేసే పని వల్ల అబ్బిన అలవాటో ఆమె భర్త హార్లన్‌కు ముప్పై ఏళ్ళ కాపురంలోనూ తేలలేదు. అమెరికాలో అయోవా రాష్ట్రపు వాయవ్య మూల, ఊరి చివర హైవే పక్కనున్న ధాన్యం గోదాములో కాటా గది ఆమెది. మొక్కజొన్న లారీ వచ్చి కాటా మీద ఆగగానే పొడవాటి గొట్టాన్ని గింజల్లోకి అడుగుదాకా దింపి, పైకి తీసి తేమ చూసేది. పైన ఎండు గింజ, అడుగున తడి గింజ పోసుకొచ్చే రైతులు ఎవరెవరో ఆమెకు తెలుసు. వాళ్ళలో సగం మంది ఆదివారం పూట చర్చిలో ఆమె వెనక వరసలోనే కూర్చుని గొంతెత్తి కీర్తనలు పాడేవారు.

అందుకే జనవరి మొదటి ఆదివారం పాస్టర్ డిర్క్ కొత్త ఏర్పాటు చెప్పినప్పుడు ఆమెకు నచ్చలేదు. సంఘంలో ఇద్దరిద్దరు జోడీ. ఒక్కొక్కరూ రోజుకు పదిహేను నిమిషాలు దేవునితో ఒంటరిగా గడపాలి. అయ్యాక జోడీకి ఫోన్లో ఒక్క మాట పంపాలి.

"పరీక్ష పెట్టడానికి కాదు. ఒకరికొకరు తోడుగా ఉండడానికి," అన్నాడు పాస్టర్.

"పరీక్ష లేకపోతే అందరూ పాసే," అంది ఆల్వీనా, హార్లన్ చెవిలో.

ఆమెకు జోడీగా జోలీన్ హాక్స్మా వచ్చింది. ముప్పై ఆరేళ్ళ మనిషి. ముగ్గురు పిల్లలు, పళ్ళ డాక్టరు దగ్గర ఉద్యోగం, సాయంత్రాలు పెద్దవాడి హాకీ ఆటలు, ఇంట్లో మంచం పట్టిన మామగారు. ఈ పిల్లకు పదిహేను నిమిషాలు ఎక్కణ్ణుంచి వస్తాయి? అయినా మర్నాటి నుంచే కబురు రావడం మొదలైంది. రోజూ మధ్యాహ్నం పన్నెండూ యాభై అయిదుకు, "అయింది" అని. ఒక్క రోజూ తప్పలేదు.

"ఇంత సరిగ్గా టైముకు వస్తోందంటే అందులో ఏదో ఉంది," అంది ఆల్వీనా భోజనాల దగ్గర.

"మరి నీ సంగతి?" అన్నాడు హార్లన్ బంగాళాదుంపలు వడ్డించుకుంటూ.

"నాది నేను పంపుతున్నాగా!"

పంపుతూనే ఉంది. మొదటి వారం నిజంగానే అయిదున్నరకు లేచి, వంటింటి బల్ల దగ్గర బైబిలు తెరిచి కూర్చుంది. రెండో వారం చలి ముదిరి, పొద్దున్నే కారు కదలక, గోదాము ముందు లారీల వరస పెరిగి, పొయ్యి మీద గుడ్లు వేయిస్తూ ఒక వచనం చదివింది. మూడో వారం బైబిలు తెరిచే ఉంది గానీ ఆమె దాని మీద కాఫీ కప్పు పెట్టి బూట్ల కోసం వెతుక్కుంది. సాయంత్రం మాత్రం "చేశాను" అని పంపడం మానలేదు. ఆ మాట తన వేలి కింది నుంచి ఎంత తేలిగ్గా జారిపోతోందో చూసినకొద్దీ, జోలీన్ మాట మీద ఆమెకు నమ్మకం సన్నగిల్లింది.

అప్పుడే ఆ కారు కంటబడింది. కాటా గది కిటికీకి ఎదురుగా, హైవే అవతల, వెండెల్ అనే అతని కార్లు కడిగే షెడ్లున్నాయి. జోలీన్ బూడిదరంగు వ్యాను పన్నెండున్నర కాకముందే ఒక షెడ్డులోకి వెళ్ళింది. మర్నాడూ వెళ్ళింది. మంచు కురుస్తున్న రోజూ వెళ్ళింది. వెండెల్‌ను భార్య వదిలేసి రెండేళ్ళయింది.

"మనిషి కారు కడుక్కున్నా తప్పేనా?" అన్నాడు హార్లన్.

"మంచు పడుతుంటేనా? బయటికి రాగానే మళ్ళీ రోడ్డు మీద మంచుకు చల్లిన ఉప్పూ బురదా అంటుకోవడానికా? కడగడానికి పట్టేది అయిదు నిమిషాలు. ఆవిడ లోపల ఇరవై అయిదు నిమిషాలు ఉంటోంది. నేను చూస్తూనే ఉన్నాను."

"ఎన్నాళ్ళ నుంచి?"

"తొమ్మిది రోజుల నుంచి."

"అనుమానం కలుపుకోకపోతే నీకు కాఫీ కూడా దిగదే," అన్నాడు హార్లన్, పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుంటూ.

ఆదివారం ఆరాధన అయ్యాక, కోట్లు తగిలించే చోట ఆల్వీనా పాస్టర్‌ను పట్టుకుంది. "జోలీన్ మధ్యాహ్నాలు ఎక్కడుంటోందో ఒకసారి కనుక్కోండి పాస్టరు గారూ. ఇంతకు మించి నేను చెప్పను." పాస్టర్ ముఖం వాడిపోయింది. ఆమె ఇంకేం చెప్పకుండా వచ్చేసింది. చెప్పనవసరం లేదని ఆమెకు తెలుసు.

గురువారం ఆమె ఇక ఆగలేకపోయింది. జోలీన్ వ్యాను షెడ్డులోకి వెళ్ళడం చూసి, కోటు వేసుకుని హైవే దాటింది. ఆఫీసు గదిలో వెండెల్ ఒక్కడే స్టూలు మీద కూర్చుని శాండ్‌విచ్ తింటున్నాడు. అతనలా ఒంటరిగా కనిపించేసరికి ఆమెకు కాస్త నిరాశ కలిగిన మాట నిజమే.

"జోలీన్ ఏది?"

"రెండో షెడ్డులో. కడగడం అయ్యాక తలుపు దించేసి కాసేపు వదిలేయమంది. ఎందుకని నేనడగలేదు," అన్నాడతను. "మీరూ అడక్కపోతే బాగుంటుంది."

ఆల్వీనా పక్క తలుపు తోసుకుని లోపలికి వెళ్ళింది. పైనుంచి నీళ్ళు బొట్లుబొట్లుగా పడుతున్నాయి. వ్యానులో జోలీన్ స్టీరింగు మీద తల వాల్చి నోరు తెరిచి నిద్రపోతోంది. ఆల్వీనా అద్దం మీద గట్టిగా కొట్టింది.

జోలీన్ ఉలిక్కిపడి లేచి అద్దం దించింది. "ఎవరికేమైంది? మా మామగారా?"

"ఎవరికీ ఏం కాలేదు. ఇదా నీ ప్రార్థన?"

జోలీన్ ఆమెను చూసి, హైవే అవతలి కాటా గది కిటికీ గుర్తొచ్చి, అర్థం చేసుకుంది. "మీ కిటికీలోంచి నన్ను కాపలా కాస్తున్నారన్నమాట."

"రోజూ 'అయింది' అని పంపుతావు. ఏం అయింది?"

"టైము అయింది," అంది జోలీన్ చిరాకుగా. "ఊళ్ళో నన్ను ఎవరూ పిలవని చోటు ఇదొక్కటే. ఫోను ఆపి, కళ్ళు మూసుకుని పిల్లల పేర్లు ఒక్కొక్కటే దేవుడికి చెప్తాను. కొన్ని రోజులు అందరి పేర్లూ అవుతాయి, ఏడుస్తాను, మాట్లాడతాను. కొన్ని రోజులు రెండో పేరు దగ్గరే నిద్రొస్తుంది. కానీ వస్తాను ఆల్వీనా గారూ. రోజూ వస్తాను. 'చేశాను' అని నేనెప్పుడూ రాయలేదు, కావాలంటే చూసుకోండి."

ఆల్వీనా ఫోను తీయలేదు. ఆ మాట రాసింది ఎవరో ఆమెకు తెలుసు.

"మీరు పొద్దున ఏం చదివారు?" అంది జోలీన్.

"కీర్తన."

"ఎన్నోది?"

జీవితమంతా తేమ చూసే గొట్టం ఆల్వీనా చేతిలోనే ఉండేది. ఇప్పుడది తన లోపలికి దిగుతోంది. వ్యాను అవతలి తలుపు తెరుచుకుని ఎక్కి కూర్చుంది.

"మూడు వారాల నుంచి ఏమీ చదవలేదు," అంది చివరికి. "నీ గురించి పాస్టర్‌కు కూడా చెప్పాను."

"ఏం చెప్పారు?"

"చెప్పకుండా చెప్పాను. అది ఇంకా పెద్ద పాపం."

జోలీన్ అద్దం పైకెత్తి, గడియారం చూసుకుంది. తర్వాత, "నాకు ఏడు నిమిషాలే ఉన్నాయి. మీరు మాట్లాడకుండా కూర్చుంటే కూర్చోండి," అంది. ఆల్వీనా కూర్చుంది. పక్క మనిషి నిజంగా ప్రార్థిస్తోందా, కోపంగా ఉందా అని ఒకసారి కన్ను తెరిచి చూసి, సిగ్గుపడి మూసుకుంది.

ఆ సాయంత్రమే పాస్టర్ ఇంటికి వెళ్ళి తాను ఊహించింది తప్పని చెప్పింది. తన సంగతీ చెప్పింది. క్షమాపణకు జోలీన్ ఇంటికి గుమ్మడికాయతో 'పై' అనే తీపి వంటకం చేసి పట్టుకెళ్ళింది గానీ ఆ పిల్ల నవ్వడానికి మరో పదిహేను రోజులు పట్టింది.

ఫిబ్రవరి నుంచి ఆల్వీనా మధ్యాహ్నం పన్నెండింటికి కాటా గది తెర దించి, తలుపు మీద "పదిహేను నిమిషాలు" అని అట్ట తగిలించడం మొదలుపెట్టింది. లారీల వాళ్ళు హారన్లు మోగించారు. ఆవిడ లోపల తేమ లెక్కలు మారుస్తోందని ఒకడు, తాగుతోందని ఒకడు అనుకున్నారు. నాలుగో రోజు గోదాము మేనేజరే తలుపు తట్టాడు.

"లోపల ఏం చేస్తున్నావు ఆల్వీనా? నిజం చెప్పు."

"ప్రార్థన."

అతను నమ్మలేదు. ఆమె భుజం మీదుగా గదంతా చూశాడు. బల్ల మీద బైబిలు, పక్కన చల్లారిన కాఫీ. మళ్ళీ వచ్చి చూస్తానన్నాడు.

"రా," అంది ఆల్వీనా. "ఎప్పుడొస్తావో మాత్రం చెప్పకు." తలుపు మూసి, ఆపిన చోటి నుంచి ముప్పై ఎనిమిదో కీర్తన మళ్ళీ చదవసాగింది.