కుదుపు తెలియని బండి

కొత్త అడ్వెంచర్ బైకు చేతికొచ్చిన మొదటి రోజు, తిరుపతి నుంచి చిత్తూరు రోడ్డు పట్టినాను. సీటు ఎంత ఎత్తంటే, చంద్రగిరి దాటినాక బస్‌స్టాపు కాడ ఆపితే మునివేళ్ల మింద నిలబడాల్సి వచ్చింది. ఆడ బస్సు కోసం కూర్చున్న పెద్దాయన నన్ను చూసి నవ్వినాడు.

"కొత్త బండా అప్పా? ఎట్లుండాది?"

అడిగిందే చాలని మొదలుపెట్టినాను. షాకబ్జార్లు ఎంత మెత్తగా ఉండాయో చెప్పి, ఎనభైలో వచ్చినా కడుపులో చల్ల కదల్లేదని గొప్పలు పోయినాను.

ఆయన నేనొచ్చిన దారి వైపు చెయ్యి చూపించినాడు. "ఆ మలుపు కాడ గూడా ఏం తెలీలేదా?"

"లేదే. గుంత ఉండాదా?"

"మా బావి ఉండాది. మా నాయన గడ్డపార పట్టి తవ్విన బావి. వద్దు వద్దంటా ఉంటే పూడ్చేసి, పైన రోడ్డేసినారు."

అంతలో బస్సొచ్చింది. ఆయన నా బండి సీటును ఒకసారి తట్టి, బస్సెక్కి వెళ్లిపోయినాడు.

నేను యూటర్న్ తీసుకుని, చుట్టూ తిరిగొచ్చి, ఆ మలుపు మింద ఈసారి మెల్లగా పోయినాను. అప్పుడూ ఏం తెలీలేదు.

ఇప్పుడు బండి ఎట్లుండాదని ఎవరడిగినా మైలేజీ చెప్తాను. కుదుపుల మాట ఎత్తను.