తార్నాకలో సోనీ రాస్తారోకో

2010. తెలంగాణ ఉద్యమం భగభగలాడుతున్న రోజులు. నేను పిల్లల హెల్ప్‌లైన్‌లో ఔట్‌రీచ్ వర్కర్‌ని. అంటే ఆఫీసులో కూర్చోకుండా, సిగ్నళ్ల దగ్గర అడుక్కునే పిల్లలతో స్నేహం చేసి, మెల్లగా బడి దాకా తీసుకురావడం నా పని. తార్నాక చౌరస్తా నా ఇలాకా.

సోనీకి ఎనిమిదేళ్లుంటాయి. ఎవరి పిల్లో తెలియదు. "మామ" అని ఆమె పిలిచే ఒకడు పొద్దున ఆటోలో దింపి, సాయంత్రం ఎక్కించుకుపోయేవాడు. బంద్‌లతో సిగ్నల్ బోసిపోయేసరికి ఆమె మకాం యూనివర్సిటీ విద్యార్థుల వంటావార్పుకి మారింది. రోడ్డు పక్కనే పొయ్యి పెట్టి, వండుకు తినే నిరసన అది. నా కోస్తా యాసకి ఆ కుర్రాళ్లు నవ్వేవారు గానీ, నాకూ అన్నం పెట్టకుండా వదిలేవారు కాదు.

ఒక మధ్యాహ్నం అక్కడే సోనీ నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, మామ నన్ను బొంబాయి తోలుకపోతడట. ఇయ్యాల్నే. నేను పోనక్కా."

బొంబాయి చేరితే ఇక దొరకదు. రెస్క్యూ, అంటే పిల్లను విడిపించడం, పోలీసుల తోడు లేకుండా మేం చేయలేం. స్టేషన్‌కి ఫోన్ మీద ఫోన్ చేశాను. "అందరం బందోబస్తుల ఉన్నం మేడం, రేపు జూద్దాం" అన్నాడు కానిస్టేబుల్. రేపటికి ఈ పిల్ల ఎక్కడుంటుంది నాయనా!

అంతలో ఆటో రానే వచ్చింది. "నా బిడ్డ. నడుమ నీకేంది?" అంటూ వాడు సోనీ రెక్క పట్టుకున్నాడు.

గరిటె తిప్పుతున్న ఒక విద్యార్థి ఊగిపోయాడు. "నువ్వు జరుగక్కా, వీని సంగతి మేం జూస్తం!"

"కొట్టకు తమ్ముడూ! దెబ్బ పడిందంటే కేసు మన మీదికే తిరుగుతుంది" అని నేను అడ్డం పడ్డాను.

ఈ గలాటాలో సోనీ చెయ్యి విదిలించుకుని ఉరికింది. ఆటో ముందు, నడిరోడ్డు మీద మఠం వేసుకుని కూర్చుని పిడికిలెత్తింది.

"నేను పోను! రాస్తారోకో!"

గరిటె కుర్రాడు ఆమె పక్కన కూలబడ్డాడు. కొత్త చీర అని కూడా చూసుకోకుండా నేనూ కూర్చున్నాను. ఇక చూడండి తమాషా! దూరంగా తింటున్నవాళ్లకు అసలు సంగతి తెలియదు. నిజంగానే రాస్తారోకోకి పిలుపొచ్చిందనుకుని విస్తళ్లతో సహా వచ్చి కూర్చున్నారు. జై తెలంగాణ అంటూ చౌరస్తా హోరెత్తిపోయింది. ఆటో ముందుకూ కదల్లేదు, వెనక్కూ కదల్లేదు. నా ఫోన్లకు కదలని పోలీసులు లాఠీలతో పరుగున వచ్చారు!

"ఎవలు పిలిచిండ్రు రాస్తారోకోకు?" అని గద్దించాడు ఎస్సై.

అందరి వేళ్లూ సోనీ వైపే. ఆమె పిడికిలి ఇంకా దించలేదు. నేను ఒక్క గుక్కలో అంతా చెప్పేశాను. మెల్లగా జారుకోబోతున్న మామ కాలర్ కానిస్టేబుల్ చేతికి చిక్కింది. సంతోషం పట్టలేక ఏడ్చేశాను.

ఆ సాయంత్రమే సోనీని చైల్డ్ వెల్ఫేర్ కమిటీ ముందు ప్రొడ్యూస్ చేశాం. దిక్కులేని పిల్లలు ఎక్కడ ఉండాలో తేల్చేది ఆ కమిటీయే. "నిన్ను ఎవరు కాపాడారమ్మా?" అని అడిగారు అక్కడి మేడం. నా పేరు వస్తుందని నేను కొంగు సర్దుకున్నాను.

"ఎవ్వరు కాపాడలే. నేనే కూసున్న. ఆల్లందరు నా పక్కన కూసున్నరు."

పిల్లల హక్కుల మీద ఎన్నో ట్రైనింగులకు వెళ్లాను. ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు. నీ పని ఏమిటని ఇప్పుడెవరైనా అడిగితే, పిల్లల పక్కన కూర్చోవడం అంటాను.