మూలగడానికి ఒక చోటు

మా నాయన గొంతు మూడు వీధుల అవతలికి వినిపించేది. తిరుపతిలో పన్నెండేళ్లు తోపుడు బండి మీద ఆకుకూరలు అమ్మాడు. "సిర్రాకో... పాలాకో..." అని సందు మొదట్లో కేక వేస్తే, చివరి ఇంటి ఆడవాళ్లు గిన్నె పట్టుకుని బయటికి వచ్చేవాళ్లు.

కార్వేటినగరం దగ్గర పల్లెలో మాకున్న కాస్త చేను బోరు ఎండిపోయాక బీడు పడింది. మట్టిగోడల ఇల్లు ఒక తుపానుకు కూలింది. ఆ తర్వాతే అమ్మా, నాయనా, నేనూ తిరుపతి వచ్చి, ఒక మేడ వెనక రేకుల షెడ్డులో అద్దెకు దిగాం. అక్కడే డిగ్రీ ముగించి నేను జిరాక్సు కొట్లో పనికి కుదిరాను.

నాయనకు కడుపులో గడ్డ ఉందని తెలిసేసరికి అది కాలేయం దాకా పాకింది. మూడు నెలలు ఆసుపత్రి చుట్టూ తిరిగాం. ఒక ఉదయం డాక్టరమ్మ నన్ను వరండాలోకి పిలిచింది.

"ఇక మేం చేయగలిగింది ఏమీ లేదమ్మా. ఇంటికి తీసుకెళ్లండి. నొప్పికి మందు రాసిస్తాను. మనుషుల మధ్య ఉండనివ్వండి."

ఇల్లు అనే మాట ఆమె నోట ఎంత తేలిగ్గా వచ్చిందో నాకు ఆ మధ్యాహ్నమే తెలిసింది.

ఆ షెడ్డు మాకు అద్దెకిచ్చిన ఇంటాయన రిటైరైన గుమాస్తా. చెడ్డవాడు కాదు. నాయన ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ ఆయన భార్య క్యారియర్లో రసం అన్నం పంపింది. ఆ రోజు ఆటో గేటు ముందు ఆగగానే ఆయన బయటికి వచ్చి, నాయన మొహం చూసి, నన్ను పక్కకు పిలిచాడు.

"తప్పుగా అనుకోవద్దు పాపా. రెండు నెలల్లో మా బిడ్డ పెండ్లి ఈడే సేస్తా ఉండాము. సెడ్డ నచ్చత్రంలో పానం పోతే ఆర్నెల్లు ఇల్లు పాడుబెట్టాలంటారు. నేను నమ్మను. పెండ్లోళ్లు నమ్ముతారు."

అమ్మ విన్నది. "ఆయప్ప ఇంకా బతికే ఉండాడు సార్" అంది.

ఆయన తల వంచుకున్నాడు. "అందుకే ఇప్పుడు సెప్తా ఉండా తల్లీ. మూడు దినాల్లో యాడన్నా సూసుకోండి."

కొట్లో సెలవు పెట్టి టు-లెట్ బోర్డుల వెంట తిరిగాను. అందరూ ముందు కులం అడిగారు, తర్వాత ఇంట్లో ఎంతమంది అన్నారు. నాయనకు ఒంట్లో బాగలేదని చెప్పిన చోటల్లా మాట అక్కడితో ఆగిపోయింది. ఒకావిడ నేను చెప్పిందంతా విని, కళ్లు తుడుచుకుని, చల్లటి మంచినీళ్లిచ్చి, లేదు పొమ్మంది.

సొంత ఇళ్లు లేనివాళ్లకు సర్కారు ఇచ్చే స్థలం మాకూ ఒకటి వచ్చింది. పట్టా ఉంది. రెండో రోజు అమ్మ అక్కడికే పోదామంది. నాయనను చూసుకోమని ఇంటాయన భార్యకు చెప్పి, ఇద్దరం బస్సెక్కాం. ఊరికి చాలా దూరంలో ఒక గుట్టను చదును చేసి సున్నంతో గీతలు గీశారు. వానలకు అవి సగం చెరిగిపోయాయి. మా నంబరు రాయి దొరకలేదు. చెట్టు లేదు, బోరింగు లేదు. రాళ్లలోంచి సెగ కొడుతోంది. అమ్మ కొంగు తలమీదికి లాక్కుని, "నాలుగు కట్టెలు నాటి పట్ట కప్పితే?" అంది. నేను ఇంకా రాళ్ల మధ్య మా నంబరు వెతుకుతున్నాను. కాసేపటికి తనే, "వద్దులే. ఈ ఎండకే పోతాడు" అంది.

మూడో రోజు నేను అబద్ధం చెప్పాను. శ్రీకాళహస్తి రోడ్డు వైపు కొత్త కాలనీలో మిద్దె మీద ఒంటి గది. ఓనరమ్మ కింద ఉంటుంది. "మా నాయనకు నడుం పట్టేసిందక్కా. నెలకంతా లేస్తాడు" అన్నాను. ఆమె నమ్మింది. మమ్మల్ని తెచ్చిన ఆటో అతనూ నేనూ నాయనను ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మెట్లెక్కించాం.

మందు నాలుగు గంటలు పనిచేసేది. ఆరు గంటలు గడిస్తే గానీ ఇంకో మాత్ర ఇవ్వకూడదు. ఆ మధ్య రెండు గంటలూ ఆయన మూలిగేవాడు. కింద టీవీ మోగుతున్నంతసేపూ నాకు భయం లేదు. టీవీ ఆగితే లేచి కిటికీ రెక్కలు మూసేదాన్ని. ఆ గదికి వచ్చిన నాలుగో రోజు ఓనరమ్మ మెట్ల దగ్గరికి వచ్చి, "ఏంది పాపా ఆ సప్పుడు?" అని అడిగింది. నిద్రలో కలవరిస్తున్నాడని చెప్పి లోపలికి వచ్చాను. నాయన చెవి దగ్గర కూర్చుని ఒక మాట అన్నాను. ఈ మాట రాయడానికి నాకు ఏళ్లు పట్టింది.

"నాయనా, మూలగొద్దు. వినపడితే మనల్ని పంపించేస్తారు."

ఆయన నా వైపు చూశాడు. ఆ చూపులో కోపం లేదు. చెయ్యి చాపి తుండుగుడ్డ ఇమ్మన్నాడు. దాన్ని మడిచి పళ్ల మధ్య పెట్టుకున్నాడు.

అయిదు రోజులు అట్లాగే గడిచాయి. గుడ్డకు రక్తం అంటేది. అమ్మ దాన్ని ఉతికి గదిలోనే ఆరేసేది, బయట తీగ మీద వేస్తే కనబడుతుందని. ఆ రోజుల్లో అమ్మ నాతో మాట్లాడలేదు.

ఆ మరుసటి ఉదయం నాయన రక్తం కక్కుకున్నాడు. అంబులెన్సు పిలిచాను. వచ్చినతను కాగితాలు చూసి మెట్ల మీద నిలబడే, "క్యాన్సరు ముదిరిపోయిందమ్మా. తీస్కపోయినా మళ్లా ఇంటికే పంపిస్తారు" అన్నాడు. పైకి వచ్చి ఇంజక్షను ఇచ్చి, కాగితాలు నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు. ఓనరమ్మ పక్కనే ఉండి అంతా విన్నది.

"నన్ను మోసం సేసినావు గదా! ఒక్క మాట నిజం సెప్పింటే..."

"సెప్పింటే ఇచ్చేదానివా అక్కా?"

ఆమె ఏడుస్తూనే, మధ్యాహ్నంలోగా ఖాళీ చేయమంది.

ఆ గదికి మమ్మల్ని తెచ్చిన ఆటో అతనికే ఫోను చేశాను. నాయనను మా ఒళ్లో పడుకోబెట్టుకుని కూర్చున్నాక అతను "యాడికి?" అన్నాడు. ముందైతే పోనీ అన్నాను. అతను ఊరికే నడుపుకుంటూ పోయి అలిపిరి రోడ్డు మీద ఒక నీడలో ఆపాడు.

"అక్కా, ఇట్లా తిప్పుతా ఉంటే ఆయప్ప తట్టుకోలేడు. ఏదో ఒక తావు సెప్పండి."

"లేసి పొమ్మనని తావు యాడుండాదబ్బా?" అంది అమ్మ.

అతను వెనక్కి తిరిగి, "మున్సిపాల్టోళ్ల షెల్టరు ఒకటుండాది, ఇల్లు లేనోళ్లకి" అన్నాడు.

ఆ మాట మమ్మల్ని గురించే అని అర్థం కావడానికి నాకు కొంచెం సేపు పట్టింది. ఇల్లు లేనివాళ్లంటే అలిపిరి దగ్గర జడలు కట్టిన జుట్టుతో పడుకునేవాళ్లని నా మనసులో ఉండేది. ఆటో వెనక మా పరుపూ, స్టవ్వూ, నా డిగ్రీ సర్టిఫికెట్ల ఫైలూ ఉన్నాయి.

షెల్టరులో ఒక పెద్ద హాలు, వరసగా ఇనప మంచాలు. తమ పని తాము చేసుకోగలిగినవాళ్లనే చేర్చుకుంటామని గోడ మీద రాసి ఉంది. అక్కడ చూసుకునే ఆమె యాభై దాటిన మనిషి, మెడలో చిన్న సిలువ. ఆసుపత్రి కాగితం రెండుసార్లు చదివింది.

"రూలు ఒప్పుకోదు పాపా. నా పని పోతాది" అంది. తర్వాత నాయన దగ్గరికి వచ్చి, "ఆ గుడ్డ ఏంది నోట్లో?" అని అడిగింది.

చెప్పాను. ఆమె వంగి, ఆ గుడ్డను తన చేత్తోనే తీసేసింది.

"అన్నా, ఈడ ఓనర్లు ఎవరూ లేరు. నొప్పి పుడితే అరువు. ఎంత గెట్టిగా కావాలంటే అంత గెట్టిగా అరువు."

దుప్పట్లు దాచే గదిని ఖాళీ చేయించి మాకు ఇచ్చింది. ఆ సాయంత్రం నాయన నిజంగానే అరిచాడు. అన్ని రోజులు ఆపుకున్నదంతా అరిచాడు. నేను గది బయట గోడకు ఆనుకుని విన్నాను. హాల్లో ఒక్కరు కూడా విసుక్కోలేదు.

అక్కడ ఒక పరోటా మాస్టరు ఉండేవాడు. నూనె పడి చెయ్యి కాలితే పనితో పాటు హోటలు వెనక పడుకునే చోటు కూడా పోయింది. నాయనను పక్కకు తిప్పడం, ఎత్తడం అతనే చేసేవాడు. కొట్టే మొగుణ్ణి వదిలి వేలూరు వైపు నుంచి వచ్చిన ఒకామె సగం అరవం, సగం తెలుగు మాట్లాడుతూ అమ్మ చేత రెండు ముద్దలు తినిపించేది. వాళ్లంతా ఏదో ఒక గేటు లోపల బతికినవాళ్లే. ఒక్క జబ్బు, ఒక్క దెబ్బ, ఒక్క రోజు చాలింది.

షెల్టరుకు వచ్చిన తొమ్మిదో రోజు ఉదయం పది గంటలకు నాయన పోయాడు. పరోటా మాస్టరూ ఇంకో ముగ్గురూ మోశారు. మా పాత ఇంటాయన కబురు విని పూలమాలతో వచ్చి గేటు బయటే నిలబడ్డాడు. లోపలికి రమ్మన్నా రాలేదు. మాల నా చేతికిచ్చి, చేతుల్లో మొహం దాచుకున్నాడు. ఆయన మీద నాకు కోపం రాలేదు. వచ్చి ఉంటే కొంచెం తేలిక పడేదాన్నేమో.

చావు జరిగిన మనుషులు, మగదిక్కు లేని ఇల్లు. మాకు గది దొరకడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. అంతదాకా అక్కడే ఉన్నాం. ఈలోగా షెల్టరు ఆమె, నేనూ కలిసి మున్సిపాలిటీకి అర్జీ రాశాం: అద్దె ఇళ్లవాళ్లకు చివరి రోజులు గడపడానికి ఊళ్లో ఒక గది కావాలి, ఆసుపత్రిలో పంపించే ముందు ఇల్లుందా అని ఒక్క మాట అడగాలి. ఇల్లు లేకుండా పోయాక చాపా దుప్పటీ ఇవ్వడం కంటే, పోకముందు ఆ ఒక్క మాట అడగడం సులువని నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. అర్జీలు తీసుకునే రోజని ఏడు సోమవారాలు ఆ ఆఫీసు చుట్టూ తిరిగాం. అధికారి మర్యాదగానే మాట్లాడాడు. పరిశీలనలో ఉందన్నాడు.

షెల్టరులోని ఆ దుప్పట్ల గదిలో నాయన తర్వాత ఇంకో ఇద్దరు ప్రశాంతంగా కన్నుమూశారు. తర్వాత కొత్త సూపర్వైజరు వచ్చి, రూలు చూపించి, మళ్లీ దుప్పట్లు పెట్టించి తాళం వేశాడు. షెల్టరు ఆమెను వేరే పనికి మార్చారు.

ఇప్పుడు మేం వేరే ఇంట్లో, మేడ మీద ఉంటున్నాం. అమ్మకు అరవై దాటాయి, బీపీ ఉంది. పోయిన నెల చెట్నీకి పుట్నాలు నూరుతూ, నా వైపు చూడకుండానే అడిగింది.

"పాపా, నాకేమన్నా అయితే ఈళ్లు ఉండనిస్తారా?"

"అడుగుతాలేమ్మా" అన్నాను.

మర్నాడు కిందికి దిగి ఈ ఇంటి ఓనరమ్మ తలుపు కొట్టాను. ఆమె చేతులు తుడుచుకుంటూ వచ్చి, "ఏం పాపా?" అంది నవ్వుతూ.

"నీళ్ల మోటారు ఎప్పుడేస్తారక్కా?" అని అడిగి పైకి వచ్చేశాను.