తెల్లబడితేనే మందు

పెదకాకాని జయకుమారి పదిహేనేళ్ళు కోల్డ్ స్టోరేజీలో మిరపకాయల ముచ్చికలు తీసింది. ఆమె చర్చిలో కూర్చుంటే ముందు రెండు వరుసలవాళ్ళకూ తుమ్ములొచ్చేవి. దానివల్ల ప్రసంగం కాస్త తొందరగా ముగిసేది కాబట్టి జనం పెద్దగా బాధపడలేదు. బాధపడింది జయకుమారే. అందుకే గుంటూరులో వారం రోజులు ట్రైనింగుకు వెళ్ళి, ఒంటికి కొట్టుకునే మల్లె సెంటు నీళ్ళు చేయడం నేర్చుకొచ్చింది.

ఆ వేసవిలో స్త్రీల సమాజం సభలకు రెండు వందలమంది వస్తున్నారు. తలా ఒక చిన్న స్ప్రే సీసా ఇవ్వాలని ప్రెసిడెంటు మహిమమ్మ గారు తలపెట్టారు. ఆ ఆర్డరు దక్కితే జయకుమారి ఇక ఇంట్లోనే ఈ పని చేసుకుంటుంది. దక్కకపోతే సోమవారం నుంచి మళ్ళీ ముచ్చికలే.

మొదటిసారి కలిపితే సెంటు నూనె నీళ్ళమీద తెట్టులా తేలింది. ఆమె భర్త జయరావు కూలికి పురుగుమందు కొడతాడు. కలపడంలో తనను మించినవాడు మండలంలో లేడని అతని నమ్మకం.

"పుల్లేసి తిప్పవే, ఒకే పక్కకి."

"ఇది పత్తికి కొట్టేది కాదయ్యా, మొహానికి."

"దేనికైతే ఏంటి? నీళ్ళలో పోస్తే పాలల్లే తెల్లబడాల. తెల్లబడకపోతే అది మందే కాదు."

జయకుమారి అతని మాట వినలేదు. ట్రైనింగులో చెప్పినట్టు, నూనెనూ నీళ్ళనూ కలిపే, తేనెలా చిక్కగా ఉండే ద్రవంలో ముందు నూనెను బాగా కలిపింది. తర్వాతే నీళ్ళు సన్నటి ధారగా పోసింది. ఈసారి నూనె పూర్తిగా కలిసిపోయి నీళ్ళు తేటగా అద్దంలా మెరిశాయి. సీసా పట్టుకుని సంబరంగా సమాజం కమిటీ దగ్గరికి వెళ్ళింది.

మహిమమ్మ గారు సీసాను వెలుతురులో పెట్టి చూశారు.

"ఏంటే కుమారీ, బోరు నీళ్ళకి వాసన పట్టించావా?"

"నూనె అందులోనే ఉందండి. కలిసిపోతే కనపడదు."

"కనపడంది ఉందని ఎట్టా నమ్మేది?" అన్నారు, ముప్ఫై ఏళ్ళుగా సండే స్కూలు నడుపుతున్న మహిమమ్మ గారు.

పక్కనున్న కమిటీ మెంబరు ఆరాధన అందుకుంది. "మా ఆయన పోయినేడు తెల్లబడని మందు తెస్తే, డబ్బా తీసుకెళ్ళి కొట్టువాడి ముందే విసిరేసి వచ్చాడు."

అందరివీ పత్తి చేలే, అందరూ తల ఊపారు. రేపు సాయంత్రానికి సరైనది తేకపోతే గుంటూరులో కొనుక్కుంటామని చెప్పి పంపించేశారు.

ఇంటికొచ్చి జయకుమారి చిక్కటి ద్రవాన్ని సగానికి సగం తగ్గించి కలిపింది. నీళ్ళు పాలలా తెల్లబడ్డాయి. రెండు రోజులకు నూనె మళ్ళీ పైకి తేలుతుందని ఆమెకు తెలుసు. దాచడం ఇష్టంలేక సీసాలమీద "బాగా కుదిపి వాడవలెను" అని రాయించింది.

కమిటీవాళ్ళు ఆ ముక్క చదివి మరీ మెచ్చుకున్నారు. "పురుగుమందు డబ్బా మీద కూడా ఇట్టాగే ఉంటది. ఇదీ అసలు సరుకంటే," అంది ఆరాధన. రెండు వందల సీసాలూ తీసుకున్నారు.

సభల రోజున ప్రసంగం సాగినంతసేపూ ఆడవాళ్ళు సీసాలు కుదుపుతూనే ఉన్నారు. భోజనాల దగ్గర వినుకొండ నుంచి వచ్చిన టీచరమ్మ ఇది ఎవరు చేశారని అడిగింది.

"మా కుమారేనండి," అన్నారు మహిమమ్మ గారు. "పాపం మొదట్లో చేతకాలా. నేనే దగ్గరుండి తెల్లగా చేయించా."

"మా ఊరికీ ఒక వంద కావాలమ్మా," అంది టీచరమ్మ.

జయకుమారి చెయ్యి తుడుచుకుని నెమ్మదిగా అడిగింది. "తెల్లది కావాలా అండి, మంచిది కావాలా?"

"తెల్లదే ఇవ్వు తల్లీ. మంచిదని ఎట్టా తెలుస్తది?"