ఆధారం అడిగే మాస్టారు

కర్ణాటక సరిహద్దులోని అమరాపురం నుంచి హిందూపురంలో మా సమావేశాలకు వచ్చే ఆ రిటైర్డ్ మాస్టారు నాకు కోపంగా ఉన్నట్టే ఎక్కువగా గుర్తుంటారు. ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వంలో మేమంతా జీతం లేకుండా వ్యాసాలు రాసేవాళ్లం. ఎవరు ఏం రాసినా ఆయన బల్లమీద వేలితో పొడుస్తూ, "ఆధారం యాడుండాదప్పా?" అని నిలదీసేవారు.

ఒకసారి ధర్మవరం సభ్యుడొకడు అమరాపురం వ్యాసంలో, అక్కడి కన్నడమంతా నిన్నమొన్న వలస వచ్చినవాళ్లదని రాశాడు. తరతరాలుగా ఆ ఇళ్లలో రెండు భాషలూ ఉన్నాయని మాస్టారు దాని కిందే రాశారు. పెనుకొండలో మేమంతా కలిసినప్పుడు గొడవ ముదిరింది.

"మాయమ్మ కన్నడంలో జోల పాడి తెలుగులో తిట్టేది. ఆమె యాడ్నించి వలసొచ్చిందిరా?" అని మాస్టారు అరిచారు.

"మీ అమ్మ మాట ఆధారం కాదు కదా సార్," అని అతను నవ్వాడు. ఆ నవ్వు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

"అవును, కాదు. మరి నీదానికేముండాది?"

మాస్టారు నా ల్యాప్‌టాప్ లాక్కుని అతని వాక్యం తీసేశారు. ఆ వెంటనే తన వాక్యమూ తీసేశారు.

భోజనానికి కూడా ఆగకుండా బస్టాండుకు నడిచారు. నేను కోపం పట్టలేక వెంటపడ్డాను. "నిజాన్నెందుకు తీసేస్తిరి సార్?"

"పుస్తకంలో దొరికిననాడు మళ్లీ రాస్తా," అన్నారు కసిగా. "అంతదాకా నా మాట ఉంచుకుంటే, వాని అబద్ధాన్ని ఏ మొగం పెట్టుకుని తీసేదబ్బా?"