కోడలి సైకిలుకు ఎర్రదీపం

పోయిన చలికాలం ఒక తెల్లవారుజామున నా కోడలు పనికని బయలుదేరి, అరగంటలోనే సైకిలు తోసుకుంటూ ఇంటికి తిరిగి వచ్చింది. మోచెయ్యి చెక్కుకుపోయింది, మోకాలి దగ్గర బట్ట చినిగింది. మంచులో వెనకనుంచి వచ్చిన చిన్న లారీ ఒకటి హ్యాండిలుకు రాసుకుంటూ పోయిందట. డ్రైవరు బండి ఆపి, దిగి వచ్చి, "కనబడలే అక్కా, ఒట్టు" అన్నాడట. వాడు తిట్టి పోయినా నాకు ఇంత బాధ ఉండేది కాదు. నిండు మనిషి కనబడలేదంటే ఏమని తిట్టాలి?

మా ఇల్లు పటేల్‌గూడ వైపు. కోడలు పనిచేసేది పటాన్‌చెరు అవతల ఒక మందుల కంపెనీలో, గోలీల పట్టీలు డబ్బాల్లో సర్దే చోట. పొద్దున ఆరింటికి షిఫ్టు. కాంట్రాక్టు వాళ్లకు కంపెనీ బస్సు ఉండదు. నా కొడుకుది వేరే ఫ్యాక్టరీలో రాత్రి డ్యూటీ. ఉన్న ఒక్క మోటారుసైకిలూ వాడితోనే పోతుంది, ఆమె వెళ్లిపోయాక గానీ ఇల్లు చేరదు. అందుకని ఆమెకు సైకిలు.

ఆ రోజు కొడుకు వచ్చి చేతికి కట్టు చూసి, "పని బంద్ పెట్టు" అన్నాడు.

"పెట్ట" అంది కోడలు. "మిషన్ మీదికి తీస్కుంటమని మొన్ననే చెప్పిండ్రు. రెండేండ్లు డబ్బాలు మడిచింది గిప్పుడు ఇడిశిపెట్టనీకెనా?"

ఇద్దరూ నా మొహం చూశారు. కోడలిని ఎదురుగా మెచ్చుకునే అలవాటు నాకు లేదు. నెత్తికెక్కుతారు. కానీ ఆ మాట నాకు నచ్చింది.

"పని బంద్ గాదు. సైకిల్‌కి ఎన్క దీపం పెట్టిద్దాం. అదేదో నేను సూస్త" అన్నాను.

చూస్తానని అనేశాను గానీ, ఆ దీపం సంగతి నాకేమీ తెలియదు. మా ఇంటాయన ఉన్నప్పుడు ఆయన సైకిలుకు డైనమో ఉండేది, ముందు దీపం వెలిగేది. వెనక మడ్‌గార్డు మీద తెల్లరంగు పూసి, ఎర్ర గాజుబిళ్ల ఒకటి బిగించి ఉండేది. అంతే. దీపం అంటే ముందున్న గుంత చూసుకోవడానికి. వెనక వెలిగే దీపం తొక్కే మనిషికి కనబడదు, దారి చూపదు. పోయే సొమ్ము మనది, చూసేది ఎవడో లారీవాడు. ఆ లెక్క నా బుర్రకు ఎంతకీ ఎక్కలేదు. అయినా కావాలి. కావాలని మాత్రం తెలుసు.

ఇంకొకటి కూడా తెలుసు. చార్జింగుది వద్దు. మా ఇంట్లో చార్జింగు దోమల బ్యాటు ఒకటి మేకుకు వేలాడుతోంది. కొన్న ఏడాదికే చచ్చింది. బాగుచేయమని తీసుకెళ్తే విప్పడానికి రాదు, పారేయమన్నారు. పారేయలేదు నేను. ఈగలు కొడుతున్నాను దాంతో. ఉన్న ఒక్క ప్లగ్గు దగ్గర రెండు ఫోన్లకే రోజూ పంచాయితీ. ఏ రాత్రి కరెంటు పోతుందో, ఏ రోజు గుచ్చడం మరిచిపోతారో. సెల్లు వేసేదైతే అయిపోగానే కిరాణా కొట్టుకు పోయి తెచ్చుకోవచ్చు.

పటాన్‌చెరులో సైకిళ్ల దుకాణానికి పోయాను. ముందంతా పిల్లల సైకిళ్లే. దుకాణాయన గద్దె మీద కూర్చుని టీ తాగుతున్నాడు.

"ఎన్క దీపం కావాలె. సెల్లు ఏసేది" అన్నాను.

"గిప్పుడన్నీ చార్జింగుయే అవ్వా. సెల్లుయి ఎవలడుగుతుండ్రు?"

"నేనడుగుతున్న గద."

ఆయన నవ్వి చార్జింగుదే తీసి వెలిగించి చూపించాడు. కళ్లు చెదిరేటంత ఎరుపు. సబ్బుబిళ్లంత కూడా లేదు.

"లోపటి సెల్లు ఖరాబైతే మార్చొస్తదా?"

"రాదు. కొత్తది కొనుడే."

"దీపం మొత్తమా?"

"మొత్తం."

"సెల్లు సచ్చిందని దీపాన్ని పారేస్తరా? మొగుడు పోయిండని నేను ఇల్లు కూలగొట్టుకున్ననా?"

టీ పొలమారింది ఆయనకు. లోపలికి వెళ్లి అట్టపెట్టె ఒకటి తెచ్చి దుమ్ము ఊది ముందు పెట్టాడు. అందులోంచి రెండు రకాలు తీశాడు. ఒకటి బొత్తాల్లాంటి సెల్లు వేసేది. చేతిగడియారాల వాడి దగ్గర దొరుకుతాయట, నంబరు చూసి అడగాలట. ఆ నంబరు ఇంగ్లీషులో, చీమ తలకాయంత ఉంది. నేను మూడో తరగతి చదివాను. తెలుగు పేపరు మొదటినుంచి చివరిదాకా చదువుతాను. ఆ నంబరు మాత్రం నా వల్ల కాదు. పక్కన పెట్టాను.

రెండోది టీవీ రిమోటులో వేసే సన్న సెల్లు రెండు వేసేది. వెనక మూతకు చిన్న గాటు ఉంది, అందులో రూపాయి బిళ్ల పెట్టి తిప్పితే ఊడొస్తుంది. నేనే తిప్పి చూశాను. ఊడింది. మళ్లీ మూశాను. మళ్లీ తిప్పాను.

"తెల్లారిందాంక గదే తిప్పుతవా అవ్వా?"

"ఊడుతదో లేదో సూడొద్దా?"

ఇక దాని వెలుగు చూడబోతే ఇంకో తికమక. ఒకసారి నొక్కితే నిలకడగా వెలుగుతుంది. రెండోసారి నొక్కితే మిణుకుమిణుకు. మూడోసారికి పూనకం వచ్చినట్టు గబగబా. నాలుగోసారి నొక్కితే ఆరిపోతుంది. ఇందులో ఏది పెట్టుకోవాలి? మిణుకుమంటే సెల్లు ఎక్కువ రోజులు వస్తాయన్నాడు ఆయన. మరి బండి ఆగినా మిణుకే, పక్కకు తిరిగినా మిణుకే కదా రోడ్డు మీద, లారీవాడు ఏమనుకోవాలి అన్నాను. "సైకిలనుకుంటడు" అన్నాడు. ఎట్లా అనుకుంటాడో చెప్పలేదు. పక్కనే టైరుకు గాలి పట్టించుకుంటున్న ఒకాయన, నిలకడదే మంచిదన్నాడు. దుకాణాయన కాదన్నాడు. వాళ్లిద్దరూ వాదించుకున్నారు. నేను వచ్చినదానికంటే అయోమయంగా, దీపం మాత్రం చేతిలో పట్టుకుని బయటపడ్డాను.

సాయంత్రం దాన్ని ఎక్కడ బిగించాలనే మాట వచ్చింది. వెనక మడ్‌గార్డుకు పెడదామంది కోడలు. నేను వద్దన్నాను. "కంపెనీ స్టాండుల అందరి కండ్లు దాని మీదనే పడ్తయి. రెండు రోజులల్ల పీక్కపోతరు. సీటు కింద గొట్టానికి పెట్టు." రబ్బరు పట్టీతో సీటు కింద బిగించింది. వాకిట్లో సైకిలు నిలబెట్టి, నేను గేటు దాకా పోయి చూశాను. చక్కగా కనబడింది.

ఒక సంగతి ఇప్పుడు చెబుతున్నాను, అప్పుడు చెప్పలేదు. అందులో వేసినవి కొత్త సెల్లు కావు. టీవీ రిమోటులోవి తీసి వేశాను. వెలిగాయి కదా అనుకున్నాను.

నాలుగు రోజులకు కోడలు వచ్చి, "అత్తమ్మా, లైటు ఎలుగుతలేదంట" అంది. కంపెనీ గేటు దగ్గర సెక్యూరిటీ ముసలాయన ఒకడున్నాడు, ఒరిస్సా దిక్కువాడు. ఆయన చెప్పాడట, "దీదీ, పీఛే కా బత్తీ బంద్ హై" అని.

రిమోటు సెల్లు గుర్తుకొచ్చాయి. సెల్లు చప్పబడ్డాయి, ఈ పిల్ల నాలుగు పొద్దులు చీకట్లోనే పోయింది, వెనక దీపముందనే ధైర్యంతో పోయింది. దీపం లేనప్పుడు కనీసం భయపడి అంచున తొక్కేది. గబగబా కిరాణా కొట్టుకు పోయి కొత్త సెల్లు తెచ్చి వేశాను. ఇంట్లో వెలిగింది. ఎర్రగా, నిండుగా.

మరునాడు మళ్లీ అదే మాట. "బంద్ హై."

"నువ్వు దిగి సూడలేదా?"

"సూసిన. సంచి ఇప్పి సూస్తె మంచిగనే ఎలుగుతున్నది. నేను ఎలుగుతుందంటున్న, ఆయన ఎలుగుతలేదంటడు. డ్యూటీ టైముకు లొల్లి."

ఇంట్లో వెలుగుతుంది, గేటు దగ్గర దిగితే వెలుగుతుంది, నడుమ మాత్రం ఆరిపోతుందా? గుంతల్లో ఎగిరినప్పుడు సెల్లు కదులుతున్నాయేమోనని బిస్కెట్ల పొట్లం వెండికాగితం మడిచి సెల్లు వెనక కుక్కాను. సైకిలును రెండు చేతులా ఎత్తి వాకిట్లో దబదబా వేశాను. ఆరలేదు. మరునాడూ ముసలాయన అదే మాట. వాడికి కళ్లే కనబడవేమో అనుకున్నాను. సెక్యూరిటీ పని ఇచ్చిన వాళ్లనూ నాలుగు తిట్టాను. దుకాణాయనను అంతకుముందే తిట్టి ఉన్నాను.

ఆ రాత్రి నాకు తోచింది. ఇది వెనకవాళ్లకు కనబడే దీపం. ఇంట్లో నిలబెట్టి ఎన్నిసార్లు చూస్తే ఏం లాభం? రోడ్డు మీద, వెనకనుంచి చూడాలి.

మా గల్లీ చివర ఉండే ఆటో అతను పొద్దున్నే పటాన్‌చెరుకు మనుషులను ఎక్కించుకుపోతాడు. కోడలు గల్లీ దాటగానే శాలువా చుట్టుకుని ఆయన ఆటోలో కూర్చున్నాను.

"గా సైకిల్ ఎన్కనే పోవాలె. దాటొద్దు."

"ఆటో పోయి సైకిల్ ఎన్క పోవుడేంది అవ్వా? ఎవలన్న సూస్తె నా ఇజ్జత్ ఉంటదా?"

"కిరాయిస్త గద. నడువు."

"కోడలి మీద పారా పెట్టినవా ఏంది?"

"నోరు మూసుకొని నడువు. కోడల్ని గాదు, దీపాన్ని సూస్తున్న."

రోడ్డు మీద మంచు పాలపొంగులా కమ్మి ఉంది. పక్కనుంచి లారీలు పోతుంటే ఆటో గుడ్డ పటపటమని కొట్టుకుంది. కొంచెం దూరం పోయాక ఆటో వెలుగులో కోడలు కనబడింది. అంటే ఆమె కనబడలేదు. సంచి కనబడింది. ఎర్రదీపం లేదు.

తల బయటికి పెట్టి చూశాను.

"లైటేదీ అవ్వా?" అన్నాడు ఆటో అతను.

"సీటు కింద."

"సీటేదీ?"

అప్పుడు చూశాను. క్యారియరు మీద నిలువుగా నిలబడి ఉంది ఆ సంచి. మూడు గిన్నెల టిఫిను డబ్బా, పైన నీళ్ల సీసా, పక్కన మజ్జిగ డబ్బా. క్యాంటీను తిండికి జీతంలో డబ్బు కోస్తారని రోజూ నేనే నింపి, నేనే పాత ట్యూబు ముక్కతో బిగించి కడతాను. సీటు కింద దీపం వెలుగుతూనే ఉంది. సంచి అంచు వెంట సన్నని ఎర్రగీత ఒకటి, పొయ్యిలో నివురు కింది నిప్పులా. ఇంతే. ఇంట్లో నేను దీపం చూసిందంతా సంచి కట్టకముందు. గేటు దగ్గర ఆమె చూసిందంతా సంచి విప్పాక. ముసలాయన ఒక్కడే ఉన్నది ఉన్నట్టు చెప్పాడు.

"దాటి ఆపు" అన్నాను.

"దాటొద్దన్నవ్!"

"ఇప్పుడు దాటు అంటున్న!"

ఆటో ముందుకు పోయి అడ్డంగా ఆగేసరికి కోడలు బెదిరి కాలు కింద పెట్టింది. నన్ను చూసి ఆమె మొహం తెల్లబోయింది.

"అత్తమ్మా! ఆయనకేమన్నైందా?"

"ఎవలికేం గాలె. దిగు."

సీటు కిందినుంచి దీపం లాగాను. రబ్బరు పట్టీ చలికి బిగిసి వేళ్లకు ఊడలేదు, ఆటో అతను దిగి పీకాడు. దాన్ని సంచి వెనక పక్క, చేతిపట్టీకి గుచ్చి, జారకుండా చీరకున్న పిన్నీసు తీసి పెట్టాను. కోడలికి ఒక్క ముక్కలో చెప్పాను, "సంచి అడ్డమొచ్చింది. నా తప్పే." ఆమె పెళ్లై వచ్చినప్పటినుంచీ నా నోట ఆ మాట విని ఉండదు. సంచికి వేలాడుతున్న దీపాన్ని వేలితో కదిపి చూసింది.

"సంచికి పెడితె దొంగలు..." అంది చివరికి.

"సంచి లోపటికి తీస్కపోతవ్ గద. దీపం గూడ పోతది."

"జర డబ్బా తగ్గియ్యరాదు అత్తమ్మా? మూడు గిన్నెలు నాకెందుకు?"

"తినుర్రి పది మంది. ఎక్కు, లేటైతది."

ఆ పీకుడులో దీపం ఆరిపోయింది. నొక్కాను. నిలకడగా వచ్చింది. "మినుకు పెట్టు అవ్వా, దూరంకెల్లి కొడతది" అన్నాడు ఆటో అతను. నొక్కాను. మిణికింది. మనసొప్పక మళ్లీ నొక్కితే గబగబా కొట్టుకుంది. మళ్లీ నొక్కితే ఆరింది. కోడలు పెడలు మీద కాలు పెట్టి, "ఏదో ఒకటి పెట్టు అత్తమ్మా, గేటు మూస్తరు" అంది. కళ్లు మూసుకుని నొక్కాను. నిలకడది వచ్చింది. అదే ఉంచాను.

ఆమె పోయింది. మేం ఆగే ఉన్నాం. మంచులో మనిషి పోయింది, సైకిలు పోయింది, సంచి పోయింది, ఎరుపు మాత్రం అట్లానే పోతూ ఉంది. అప్పుడు మా పక్కనుంచి ఒక లారీ వచ్చింది, ఇసుకదో కంకరదో, నేల అదిరేటట్టు. ఆ ఎరుపు మీదికే పోతోంది. నేను ఆటో కమ్మీ పట్టుకున్నాను. లారీ మెల్లగా పక్కకు జరిగింది. గజం కాదు, రెండు గజాలు. చుట్టు తిరిగి మళ్లీ తన దారిలోకి వచ్చి పోయింది. వెనక ఎరుపు అక్కడే ఉంది, ఊగుతూ.

"సూసినవా అవ్వా? జరిగిండు" అన్నాడు ఆటో అతను.

కమ్మీ వదిలి శాలువా సర్దుకున్నాను.

"ఇగ తిప్పాల్నా?"

"జెర ఆగు."

ముందర కంపెనీల మలుపు దగ్గర బండ్లన్నీ నెమ్మదించాయి. లారీలవి, బస్సులవి, మోటారుసైకిళ్లవి, మంచు నిండా ఎర్రదీపాలే. వాటిలో మాది కలిసిపోయింది. ఒకటి ఎడమకు తిరిగితే ఆమె అనుకున్నాను. అది తిరగకుండా ఇంకొకటి తిరిగింది.

"గది మనదేనా?" అని అడిగాను.

"ఏమో అవ్వా" అన్నాడు, "అన్నీ కనబడుతున్నయి."