హన్మమ్మ జున్ను బండ

తాండూరుల నాపబండ లేని ఇల్లు దీపం పెట్టి ఎతికినా దొరుకది. గడప బండదే, గచ్చు బండదే, బట్టలుతికే జాగ బండదే. గాని బండ మీద తిండి పరిచి, దాని సుట్టు మనుషుల్ని కూసోబెట్టి తినిపిచ్చేది మాత్రం ఒక్క హన్మమ్మనే. పాలిష్ మిషన్ల ఎనుక ఉన్న గా వాడకట్టుల "ఇయ్యాల హన్మమ్మ బండ పెట్టింది" అన్న మాట పుట్టిందంటె, పిలిచేదాంక ఆగేటోల్లు ఎవ్వలు లేకుండె. సిగ్గు లేదా అంటె, జున్ను కాడ సిగ్గేంది?

హన్మమ్మ పుట్టింది పూడూరు దిక్కు కుర్మోల్ల ఇంట్ల. గొర్లు, బర్లు, గొంగళ్లు, గదే వాళ్ల బతుకు. కోడలై తాండూరుకు వచ్చింది. మొగడు మల్లప్ప బండల పాలిష్ మిషన్ మీద పనిజేస్తుండె. ఓసారి మూల ఇరిగిన పసుపు బండను సేటు పారేస్తుంటె, మల్లప్ప అడుక్కొని, నాలుగు దిక్కుల సాపుగ కోపిచ్చి, మొకం కనవడేటట్టు పాలిష్ పట్టి, భుజం మీద మోసుకొచ్చిండు. పెండ్లాం కూసోనీకి పీట లెక్క వాడుకుంటదనుకున్నడు పాపం. ఆమె దాన్ని కడిగి తుడిచి తిండికి పెట్టింది.

బర్రె ఈనినప్పుడల్ల ఆ బండ వాకిట్లకు వచ్చేది. జున్ను వండుడు ఎవ్వలకైనా వస్తది. ముర్రుపాలల్ల బెల్లం కరగబెట్టి, మిరియాలు దంచి ఏసి, ఆవిరి మీద పెడితె గడ్డకడతది, అండ్ల పెద్ద పనేముంది? పనంత పెట్టుట్లనే ఉన్నదని హన్మమ్మ అనేది. జున్ను నడిమిట్ల పెట్టాలె, గాని మొత్తం కోసి పెట్టొద్దు. ఇన్ని ముక్కలు కోసి, మిగిలింది గడ్డ గడ్డగనే ఉంచితె, తినేటోనికి ఇంక ఉన్నదన్న ధైర్నం ఉంటది. మెత్తటి జున్ను పక్కపొంటి కరకరలాడేది ఉండాలె. అందుకే సేడం దిక్కుకెల్లి కోడలై వచ్చిన పక్కింటి భీమమ్మతోని ఎండిన జొన్న రొట్టెలు, గవే కడక్ రొట్టెలు, చేపిచ్చి, ఇరిచి వరుసగ పేర్సేది. ఓ పక్కకు ఏంచిన పల్లీలు, ఓ పక్కకు జొన్న పేలాలు. తీపి తిని తిని నోరు ఎగటైతదని ఉల్లిగడ్డ, ఎల్లిపాయ కారం. కాలముంటె సీతాఫలాలు, లేకుంటె జాంపండ్లు. పులుపుది ఏదన్న ఉంటె మోదుగాకు మీద పెట్టాలె తప్ప, ఒట్టి బండ మీద పెట్టనియ్యకుండె. నిమ్మరసం పడితె నాపబండకు తెల్ల మచ్చ వడతది, ఇగ జన్మల పోదు. ఓసారి మల్లప్ప మామిడికాయ తొక్కు పెట్టి మచ్చ చేసిండు. ఆ పూట ఆయన తిన్న జున్నుకంటె తిన్న తిట్లే ఎక్కువ.

ఎదురింటి రుఖియాకు, హన్మమ్మకు ఈ బండ కాడ ఎప్పుడు పంచాదే. జున్నంటె చక్కెర, యాలకులు పడాలె, బెల్లం మొరటు అని రుఖియా. చక్కెర జున్ను దవాఖాన తిండి అని హన్మమ్మ. ఒకల్లు పేలాలు ఈడ పెడితె ఇంకొకల్లు జరిపి ఆడ పెట్టుడు. ఆఖరికి ఇద్దరి జున్ను పెట్టుకునుడు అలవాటైంది. మూడో రకం హన్మమ్మ సొంతది. బెల్లం ముట్టకుండ ఉప్పు, పచ్చిమిరపకాయ, జీలకర్ర ఏసి వండిన ఉప్పు జున్ను. వాడకట్టోల్లు దాన్ని ఇష్టంగనే తింటుండ్రి గాని, అది ఎవ్వలికోసం పుట్టిందో రుఖియాకు తప్ప ఎవ్వలకు ఎరుక లేకుండె.

అది చెప్పాలంటె డెబ్బై రెండు కరువుకు పోవాలె. ఆ సాలు మనుషులకే గట్క దొరుకలేదు, ఇగ గొడ్లను ఎవ్వలు చూస్తరు? అప్పుడే మల్లప్ప కాలు మీద బండ పడి మంచానికి అతుక్కపోయిండు. ఇంట్ల పొయ్యి ఎలిగితె ఎలిగినట్టు, లేకుంటె లేదు. గట్లాంటి కాలంల హన్మమ్మ బర్రె ఈనింది. అది ఆమె అన్న ఈరయ్య, చెల్లె కాపురానికి పాలుండాలెనని మందను తోల్కొచ్చినట్టు పూడూరు నుంచి నడిపిచ్చుకుంట తోల్కొచ్చి కట్టేసి పోయిన బర్రె.

వాళ్ల కులంల ఓ కట్టడి ఉన్నది. పాలమ్ముకో, పెరుగమ్ముకో, నెయ్యమ్ముకో, ముర్రుపాలు మాత్రం అమ్మొద్దు. అవి దూడ నోటియి. దూడ తాగంగ మిగిలినయి ఇరుగుపొరుగుకు పంచాలె. అమ్మితె ఆ బర్రెనిచ్చిన ఇంట్ల మంద నిలువదంటరు. హన్మమ్మకు ఎరుక లేదా? మంచిగ ఎరుకే. గాని మొగడు మూలుగుతుండంగ, పిల్లలు ఆకలైతుందని కొంగు గుంజుతుండంగ, హోటలాయన గిన్నె పట్టుకొని వాకిట్ల నిలవడితె ఏం చేస్తది? పోసింది. నేనైతె తప్పనను. కడుపు నిండినోడు నీతి చెప్పుడు అల్కనే.

ఇగ ఆమె నసీబు చూడుండ్రి. ఆ మర్నాడే ఈరయ్య గొంగళ్లు అమ్మనీకి తాండూరుకు వచ్చి, ఏడ జాగ లేనట్టు గదే హోటల్ల కూసున్నడు. జున్ను పెడితె తిన్నడు. మస్తుగున్నది, ఏడి పాలు అని అడిగిండు. హోటలాయనకేం తెలుసు పాపం, సంబురంగ మల్లప్ప పెండ్లాం పోసినయని చెప్పిండు. ఈరయ్య చేతుల ముక్కను పల్లెంలనే ఇడిసిపెట్టి లేచిండు. అప్పటికే కరువుకు ఆయన గొర్లు సగం సచ్చినయి. గడ్డి లేక సచ్చినయి, నీళ్లు లేక సచ్చినయి. గాని దుఃఖంల ఉన్నోనికి ఎవ్వలో ఒకల్లు దొరకాలె గదా, చెల్లె దొరికింది.

వచ్చి గడప అవుతల నిలవడి, "నీ ఇంటి ఉప్పు ఇగ ముట్ట" అన్నడు. గంతే. తిట్టలేదు, ఒర్రలేదు. ఎనుకకు మర్రి పోయిండు.

తిడితె మర్నాటికి మర్చిపోవచ్చు. ఉప్పు మీద చెప్పిన మాట గట్ల గాదు. తప్పైందంటె పోదు, కాళ్లు మొక్కినా పోదు. అన్నోడే వచ్చి ఆ ఇంట్ల కూసోని ఉప్పు తింటెనే పోతది. హన్మమ్మ పుట్టింటికి పోతె ఈరయ్య మంచిగనే మాట్లాడేటోడు. యాట కోయిస్తుండె, చీర పెట్టి తోలిస్తుండె. గాని తాండూరుకు ఎన్నిసార్లు వచ్చినా బజారు నుంచి బజారుకే మర్రి పోతుండె. మల్లప్ప తల్లి సచ్చిపోయినప్పుడు వచ్చి, వాకిట్ల నిలవడి, కుండల నీళ్లు గూడ ముట్టకుండ పోయిండు. కొట్లాడినా బాగుండు, గీ మర్యాదనే నన్ను కోస్తున్నదని హన్మమ్మ రుఖియా కాడ ఏడ్సేది.

ఆ కరువు సాలు తర్వాత హన్మమ్మ ముర్రుపాలు సుక్క అమ్మలేదు. బండ పెట్టుడు మొదలైందే గట్ల. ఇంటింటికి గిన్నెలు పంపితె ఎన్ని గిన్నెలని పంపుతది? బండ మీద పరిచి అందర్నీ రమ్మన్నది. హోటలాయనను గూడ పిలిచి ఊకనే తినిపిచ్చింది. ఇగ ఉప్పు జున్ను సంగతంటరా? జున్నుతోని పోయిన అన్న జున్నుతోనే రావాలెనని ఆమె పట్టు. ఎన్నడన్న వస్తె, తీపి ఒక్కటే తిని లేచిపోతె లాభం లేదు గదా. అందుకే ప్రతి ఈతకు ఉప్పుది వండేది. ఆయన రాకపోయేటోడు, వాడకట్టోల్లు తినేటోల్లు.

ఎనబై మూడో, ఎనబై నాలుగో, కందికాయ పచ్చిగున్న కాలం. బర్రె ఈనింది. అదే రోజు పూడూరు మనిషొకడు బస్టాండుల మల్లప్పకు కలిసి, రేపు ఈరయ్య గొంగళ్లు పట్టుకొని వస్తుండు, చెల్లె ఇంట్ల జరసేపు కూసోని పోతనన్నడు అని చెప్పిండు. మల్లప్ప ఈ మాట ఇంట్ల చెప్పెటాల్లకు హన్మమ్మ చేతుల పని ఇడిసిపెట్టింది. కూసోని పోతనన్నడా, నిలవడి పోతనన్నడా అని మొగన్ని మల్ల మల్ల అడిగింది. కూసోనే అన్నడు తల్లీ, నా పానం తియ్యకు అన్నడు మల్లప్ప.

రుఖియా ఓ ఉపాయం చెప్పింది. బెల్లం జున్నుల ఇంత ఉప్పు కలుపు, మిరియాల ఘాటుకు తెలువది, మింగినంక చెప్పుదాం, ఒట్టు తీరిపోతది అన్నది. ఉపాయం మంచిదే. హన్మమ్మ ఉప్పుడబ్బ చేతికి గూడ తీసుకున్నది. మల్ల పెట్టేసింది. దొంగతనంగ తినిపిచ్చిన ఉప్పు ఎవ్వల ఒట్టును తీరుస్తది? కరువుల ఒక తప్పు చేసిన, అది ఆకలికి చేసిన, ఇప్పుడు కడుపు నిండి ఇంకోటి చెయ్య అన్నది.

తెల్లారి బండ కడిగి, వాకిట్ల నులక మంచం ముంగట పెట్టింది. అప్పటిదాంక ఎన్నిసార్లు పేర్చిందో గాని, ఆ రోజు మాత్రం పేర్చింది తీసి మల్ల పేర్చింది. కుడి దిక్కు బెల్లం జున్ను, చక్కెర జున్ను, పేలాలు, జాంపండు ముక్కలు. ఎడమ దిక్కు ఉప్పు జున్ను, ఉప్పేసి ఉడకబెట్టిన కందికాయలు, ఎల్లిపాయ కారం. నడుమ కడక్ రొట్టె. రుఖియా వచ్చి పల్లీలు జరిపి పోయింది. ఆ రోజు హన్మమ్మ పంచాది పెట్టుకోలేదు.

ఈరయ్య వచ్చిండు. మనిషి సగమైండు, చేతికి కట్టె వచ్చింది. గడప కాడ ఒక్క గడియ ఆగి, లోపలికి వచ్చి మంచం మీద కూసున్నడు. మల్లప్ప చెంబుల నీళ్లిస్తె తాగిండు. హన్మమ్మ దాపరికం లేకుండ, ఈ దిక్కు తీపియి, గా దిక్కు ఉప్పుయి, నీ ఇష్టమన్నా అని చెప్పి తలుపు పట్టుకొని నిలవడ్డది.

ఈరయ్య చెయ్యి కుడి దిక్కు పోయింది.

బెల్లం జున్ను తిన్నడు. చక్కెర జున్ను తిన్నడు. జాంపండు తిన్నడు. దూడ ఆడదా మొగదా అని అడిగిండు. హన్మమ్మ జవాబిచ్చింది గాని కండ్లు ఎడమ దిక్కే ఉన్నయి. రుఖియాకు ఓపిక పట్టలేదు. ఆ సాలు నుంచి మీ చెల్లె ముర్రుపాలు సుక్క అమ్మలేదు భాయ్, గల్లీ గల్లీయంత ఈ బండ మీదనే తింటరు అని ఎదురింటి నుంచే చెప్పేసింది. ఈరయ్య తలకాయ ఊపిండు. ఎరుకే అన్నడు. కట్టె పక్కకు పెట్టి చెప్పిండు.

"వికారాబాదుల డాక్టర్‌కు చూపెట్టుకున్న. బీపీ మస్తున్నదంట. ఉప్పు ముట్టితె పక్షవాతం వచ్చి పడతవన్నడు. ఇప్పుడు మా ఇంట్ల గూడ సప్పిడి కూడే తింటున్న. నీ ఇల్లు, నా ఇల్లు ఒక్కటే అయినయి గదా, ఇగ ఒట్టేంది, పట్టింపేంది అని వచ్చిన."

హన్మమ్మకు ఏడుపాగలేదు. ఇన్నేండ్లు ఉప్పు పట్టుకొని అన్న కోసం చూసింది. ఉప్పు బందైనంక అన్న వచ్చిండు. ఇగ ఆ మాట ఎట్ల తీరాలె? ఆయన పోయినా తీరది, ఆమె పోయినా తీరది. కొంగు నోట్లె కుక్కుకున్నది. మల్లప్ప ఏం చెయ్యాల్నో తెలువక చెంబు లోపల పెట్టనీకి పోయిండు.

ఈరయ్య చెల్లె దిక్కు చూస్తనే ఉన్నడు. "గొర్లు కరువుకు సచ్చినయే. నీ పాలకు గాదు. అది నాకు ఎప్పుడో ఎరుకైంది. నోరే రాలేదు" అన్నడు. అని, ఎడమ దిక్కు వంగి ఉప్పు జున్ను ముక్క తీసిండు.

ముక్క నోటి కాడికి పోయేటాల్లకు హన్మమ్మ వచ్చి చెయ్యి పట్టుకున్నది. ఎట్ల ఉరికొచ్చిందో ఆమెకే తెలువది.

"వద్దన్నా."

"ఇడువు. దీనికోసమే గదా నువ్వు బండ పెట్టింది."

"నువ్వు పడిపోతె నాకు ఉప్పెందుకు? నువ్వుండు. ఒట్టు ఉంటె ఉండని."

ఆయన గుంజిండు, ఆమె ఇడువలేదు. నెత్తి నెరిసిన ఇద్దరు, మేకపిల్ల కోసం కొట్లాడే చిన్నపిల్లల లెక్క ఆ ముక్క కోసం పెనుగులాడిండ్రు. జున్ను ఇద్దరి చేతుల్ల నలిగి బండ మీద రాలింది. ఈరయ్యకు ముందు నవ్వు వచ్చింది, ఎనుకనే కండ్లల్ల నీళ్లు వచ్చినయి. చెల్లె చెయ్యి ఇడువకుండనే ఉన్నది, ఆయన గూడ ఇడిపిచ్చుకోలేదు.

"సరే, తినను" అన్నడు. "గాని ఊరికి పోయినంక కులపోల్లందరికి చెప్త. మా చెల్లె ఇంట్ల ఉప్పు తింటనని నేనే చెయ్యి చాపిన, అదే తిననియ్యలేదని."